వీపుకి తెలిసిన బొమ్మ

గోడకి చెవులుంటాయంటారు.
ఏడో గదిలో గోడకి ఇప్పుడు ముఖమే లేదు.
బేరిపళ్ళు చెక్కే ఆమెని జనవరిలోనే
పెట్టెలో పెట్టి మేకులు కొట్టి
బ్రస్సెల్స్ తీసుకుపోయారు, శుభ్రం చెయ్యడానికి.
ఆమె ఉన్నచోట
వెలిసిపోని నలుచదరం మిగిలింది,
గడియారం తీసేసిన మణికట్టులా.

మార్చిలో పూలవారం.
ఏటా ఈ గెంట్ మ్యూజియంలో
ఒక్కో బొమ్మ ముందు ఒక్కో పూలకూర్పు,
కింద కాఫీగదిలో ఆ బొమ్మకో మిఠాయి.
చీటీలు తీస్తే
లేని బొమ్మ వచ్చింది గోదెలీవకి.
డెబ్బై దాటింది, కత్తెరని తాడుతో మెళ్ళో వేసుకు తిరుగుతుంది.
మిఠాయి వంతు వానెస్‌ది,
గోళ్ళ సందుల్లో ఎప్పుడూ చాక్లెట్.

ఇద్దరూ ఖాళీ గోడ ముందు నిలబడి
ఆమె అంగీ చేతుల రంగు గురించి కీచులాడుకున్నారు.
నాచుపచ్చ, అంది ఆమె.
పిస్తా, అన్నాడు వాడు.
పోస్టుకార్డు తెచ్చి చూస్తే అందులో అంతా బురద.
చివరికి నావైపు తిరిగారు:
"ఒడిలోన్, ఇరవై రెండేళ్ళుగా కాపలా ఉన్నావు, నువ్వు చెప్పు."

నేనేం చెప్పను.
కాపలావాడు బొమ్మని చూడడు.
జీతమిచ్చేది జనాన్ని చూడమని.
ఇరవై రెండేళ్ళూ ఆమె
నా వీపు వెనకే పళ్ళు చెక్కుకుంది.

ముఖాలు మాత్రం తెలుసు నాకు.
గుమ్మంలో అడుగు పెట్టగానే కనుబొమలు లేస్తాయి,
ఎవరింటికో చెప్పకుండా వచ్చినట్టు.
ఆమె కత్తి ఆపి తలెత్తి చూస్తుందట.
తర్వాత పెదవులు కాస్త విడతాయి, క్షమించమని అడగబోయి.
దగ్గరికొచ్చాక
కింద ఎడమమూల ఏదో కనబడి
దవడ బిగుస్తుంది, పులుపు తగిలినట్టు.
అక్కడేముందో నేనెప్పుడూ అడగలేదు.
ఒకావిడ, వానకోటు విప్పకుండానే
గంటసేపు నిలబడి, వెళ్తూ వెళ్తూ
నా చెయ్యి పట్టుకుని
"కూర్చోమనలేదు" అంది.

గోదెలీవ ఏమీ రాసుకోలేదు.
వానెస్ మాత్రం పిండిమరకల కాగితం మీద
కనుబొమలు, పెదవులు, దవడ
అని రాసి, దవడ కింద రెండు గీతలు గీశాడు.

శుక్రవారం పొద్దున
ఖాళీ గోడ ముందు ఒకే ఒక్క బేరికొమ్మ,
వెచ్చటి గదిలో పెట్టి తొందరపెట్టి పూయించింది.
దాని కింద తల వంచుకున్న పచ్చ హెలిబోర్ పూలు.
పక్కన ఒక కుర్చీ.
కుర్చీ మీద నిండా నీళ్ళున్న గిన్నె,
ఎవరూ కూర్చోకుండా.

కింద ప్లేటులో ఉడికిన సగం బేరిపండు,
తొక్క ఇంకా వదలకుండా వేలాడుతోంది.
మొదటి చెంచాకి చల్లటి మీగడ తప్ప ఏమీ తెలియలేదు.
రెండోదానికి తేనె, ఎక్కడో ఓ మిరియం.
అడుగున, గడ్డ కట్టించిన చుక్కకూర రసం.
యూనిఫాంలో, నిలబడే తిన్నాను.
నా దవడ బిగిసింది.

బుధవారానికి రేకలన్నీ రాలి గిన్నెలో తేలాయి.
ఊడ్చే కుర్రాడు చీపురు పట్టుకుని
చాలాసేపు తటపటాయించాడు:
"ఇది కూడా బొమ్మలో భాగమేనా, తీసెయ్యనా?"

జూన్‌లో ఆమె తిరిగొచ్చింది.
పసుపెక్కిన పాత వార్నిష్ అంతా కడిగేశారు.
అంగీ చేతులు నీలం.
పసుపూ నీలం కలిస్తే పచ్చ అని
బడిలో అందరికీ చెప్పిందే.
గోదెలీవ నవ్వి నవ్వి కళ్ళజోడు తుడుచుకుంది.
అప్పటికి వానెస్ ఓస్టెండ్‌లో
సముద్రం పక్క హోటల్లో చేరిపోయాడు.
వాడికి కార్డు రాశాం, ఒక్క మాట:
నీలం.

ఆ సాయంత్రం తలుపులు మూసేవేళ
జనమంతా పోయాక
మొదటిసారి వెనక్కి తిరిగాను.

ఎడమమూల ఏముందో నేను చెప్పను.
మంగళవారం నుంచి ఆదివారం దాకా తెరిచే ఉంటుంది.
మీరు దాన్ని చూడండి,
నేను మీ ముఖం చూస్తాను.